డీబగ్ బటన్ ఉంది, డీబగ్గర్ ఏది?

ప్రశ్న: నేను మిర్యాలగూడలో బీఎస్సీ కంప్యూటర్స్ చదువుతున్నాను. డెబియన్ లినక్స్‌లో ప్రోగ్రాములు రాసుకునే కోడ్‌బ్లాక్స్ సాఫ్ట్‌వేర్ వేసుకొని, మా నాన్నగారి రైస్ మిల్లుకు యాసంగిలో వచ్చే వడ్ల బస్తాల లెక్క కోసం సీ భాషలో చిన్న ప్రోగ్రాము రాశాను. కంపైల్ అవుతున్నది గానీ, మొదటి బస్తాల సంఖ్య ఇవ్వగానే ‘సెగ్మెంటేషన్ ఫాల్ట్’ అని ఆగిపోతున్నది. తప్పు ఎక్కడుందో వెతకడానికి డీబగ్ చేద్దామంటే విడి ఫైలుకు ఆ మెనూ పనిచేయలేదు. ప్రాజెక్టుగా మార్చినా డీబగ్గర్ మొదలు కావడం లేదు. ఏం చేయాలి?
— ఒక విద్యార్థిని, మిర్యాలగూడ

జవాబు: ప్రాజెక్టుగా మార్చి మంచి పని చేశారు, విడి ఫైలును కోడ్‌బ్లాక్స్ కంపైల్ చేస్తుంది గానీ డీబగ్ చేయదు. ఇక మిగిలిన చిక్కు కోడ్‌బ్లాక్స్‌లో కాక, దాని వెనుక ఉన్నట్టు కనిపిస్తున్నది. మీరు నొక్కే బటన్లకు స్వయంగా డీబగ్ చేసే శక్తి లేదు. అవి మీ ఆదేశాన్ని జీడీబీ అనే వేరొక ప్రోగ్రాముకు అందించి, అది ఇచ్చిన సమాధానాన్ని తెరపై చూపుతాయి, అంతే. రిచర్డ్ స్టాల్‌మన్ 1986లో రాసిన ఈ జీడీబీయే లినక్స్‌లో ఎక్లిప్స్, కేడెవలప్, క్యూటీ క్రియేటర్ వంటి ఇతర ప్రోగ్రామింగ్ సాఫ్ట్‌వేర్లకు కూడా ఆధారం. కాబట్టి ముందు కోడ్‌బ్లాక్స్‌ను పక్కన పెట్టి, టెర్మినల్‌లో ఇంగ్లీషు చిన్న అక్షరాలతో జీడీబీ అని టైపు చేసి ఎంటర్ నొక్కండి. ‘కమాండ్ నాట్ ఫౌండ్’ అని వస్తే అది మీ యంత్రంలో లేనట్టే. బిల్డ్ ఎసెన్షియల్ ప్యాకేజీ వేసుకుంటే అన్నీ వచ్చేశాయని చాలామంది అనుకుంటారు. అందులో కంపైలర్ అయిన జీసీసీ, బిల్డ్ పనులు నడిపే మేక్ ఉంటాయి గానీ జీడీబీ ఉండదు. ‘సుడో ఆప్ట్ ఇన్‌స్టాల్ జీడీబీ ఎక్స్‌టర్మ్’ అనే ఆదేశంతో రెండింటినీ కలిపి వేసుకోండి. మీ ప్రోగ్రాము కీబోర్డు నుంచి సంఖ్యలు అడుగుతుంది కనుక, ఆ ప్రశ్నా జవాబులకు కోడ్‌బ్లాక్స్ తెరిచే నల్ల కిటికీ మామూలుగా ఎక్స్‌టర్మ్ అనే టెర్మినల్ ప్రోగ్రాముదే.

తర్వాత సెట్టింగ్స్ మెనూలో డీబగ్గర్‌ను తెరిచి, జీడీబీ కింద ఉన్న డిఫాల్ట్‌ను ఎంచుకొని, ఎగ్జిక్యూటబుల్ పాత్‌లో యూఎస్ఆర్ లోపలి బిన్ ఫోల్డరులోని జీడీబీని చూపండి.

అసలు జాగ్రత్త ఇక్కడినుంచి అవసరం. యంత్రభాషలోకి మారిన ప్రోగ్రాములో మీ పంక్తుల సంఖ్యలు, చలరాశుల పేర్లు వాటంతట అవి మిగలవు. హైఫన్ జీ అనే ఆప్షన్ ఇచ్చినప్పుడే కంపైలర్ వాటిని ఫైలులో భద్రపరుస్తుంది. ప్రాజెక్టు బిల్డ్ ఆప్షన్లలో ‘ప్రొడ్యూస్ డీబగ్గింగ్ సింబల్స్’కు టిక్ పెట్టి, ‘స్ట్రిప్ ఆల్ సింబల్స్’కు ఉంటే తీసివేయండి. టార్గెట్ కూడా రిలీజ్ కాక డీబగ్ అయి ఉండాలి. రిలీజ్‌లో వేగం కోసం కంపైలర్ పంక్తులను అటూ ఇటూ మార్చడంతో, చలరాశి విలువ అడిగితే ‘ఆప్టిమైజ్‌డ్ అవుట్’ అనే సమాధానమే తరచుగా వస్తుంది.

ఇప్పుడు ఎఫ్8 నొక్కి, బస్తాల సంఖ్య ఇవ్వండి. ప్రోగ్రాము కూలిన చోటనే జీడీబీ దానిని పట్టి నిలుపుతుంది. ఏ ఫంక్షన్ దేనిని పిలిచిందో వరుసగా చూపే కాల్ స్టాక్ కిటికీ తెరిస్తే, పైన మీరెన్నడూ రాయని ఫంక్షన్ల పేర్లు కనిపించి కంగారు పడవచ్చు. అవి సీ లైబ్రరీవి, వాటిలో తప్పు వెతకడం వృథా. కిందికి దిగుతూ మీ ఫైలు పేరున్న మొదటి పంక్తిపై రెండుసార్లు నొక్కితే, ఎడిటర్ నేరుగా అక్కడికి వెళుతుంది. మీరు చెప్పిన లక్షణాన్ని బట్టి అది కీబోర్డు నుంచి విలువ తీసుకునే స్కాన్‌ఎఫ్ ఉన్న పంక్తి అయ్యే అవకాశం ఎక్కువ. చలరాశికి ముందు ఆంపర్సండ్ గుర్తు మరచిపోతే, బస్తాల సంఖ్యను ఎక్కడ ఉంచాలో తెలిపే చిరునామాకు బదులు ఆ చలరాశిలో ఉన్న ఏదో విలువ వెళ్లి, స్కాన్‌ఎఫ్ దానినే చిరునామాగా భావించి రాయబోతుంది. ఆ చోటు ప్రోగ్రాముకు చెందనిదైతే వచ్చేదే సెగ్మెంటేషన్ ఫాల్ట్. నిజానికి కంపైలర్‌కు హెచ్చరికలు చూపమనే హైఫన్ డబ్ల్యూ ఆల్ ఆప్షన్ ఇచ్చి హెచ్చరికలు చదివే అలవాటు ఉంటే, ఈ ఒక్క తప్పు కోసం డీబగ్గర్ దాకా రావలసిన పనే లేదు.

ఫలానా పంక్తి దగ్గర ఆగమనే గుర్తు, అంటే బ్రేక్‌పాయింట్ పెట్టినా ప్రోగ్రాము ఆగకుండా పోతే, ప్రాజెక్టు ఉన్న ఫోల్డర్ల పేర్లు చూడండి. పేరులో ఖాళీ ఉంటే కోడ్‌బ్లాక్స్, జీడీబీల మధ్య దారి తప్పే ప్రమాదం ఉంది. ఖాళీలు లేని ఇంగ్లీషు పేరే క్షేమం. ఆప్షన్లు మార్చిన ప్రతిసారీ బిల్డ్ కాకుండా రీబిల్డ్ చేయండి, ఎందుకంటే సోర్సు ఫైలులో మార్పు లేనప్పుడు బిల్డ్ ముందుసారి కంపైల్ చేసి ఉంచిన పాత ఆబ్జెక్టు ఫైలునే తిరిగి వాడుకోవచ్చు, ఆ పాత ఫైలులో హైఫన్ జీ సమాచారం ఉండదు.