తాగిన నీరు కడుపు నుంచి నేరుగా మూత్రాశయానికి చేరుతుందా?

చేరదు, ఆ రెండింటినీ కలిపే గొట్టమేదీ శరీరంలో లేదు. తాగిన నీటిలో జీర్ణాశయం పీల్చుకునేది స్వల్పమే కాగా, అత్యధిక భాగం సుమారు 6 మీటర్ల పొడవుండే చిన్నపేగు గోడల గుండా, మిగిలినదానిలో చాలావరకు పెద్దపేగు గుండా రక్తంలో కలుస్తుంది. జీర్ణం కాని పిప్పి, బాక్టీరియా, కొంత నీరు మలంగా పోతాయి.

అసలు వడపోత మూత్రపిండాలది. ఒక్కొక్కదానిలో నెఫ్రాన్లనే సూక్ష్మ వడపోత విభాగాలు దాదాపు 10 లక్షలుంటాయి. ప్రతి నెఫ్రాన్ మొదట్లో ఉండే సన్నని రక్తకేశనాళికల గుత్తి వద్ద రక్తకణాలు, పెద్ద ప్రోటీన్లు రక్తంలోనే నిలిచిపోగా, నీరు, లవణాలు, గ్లూకోజుతో పాటు యూరియా అనే వ్యర్థం కూడా పక్కనున్న నాళికలోకి దిగుతాయి. ఇలా రోజుకు సుమారు 180 లీటర్లు దిగినా, అందులో 99 శాతానికి పైగా తిరిగి రక్తంలోకే వెళ్తుంది కనుక మూత్రంగా మిగిలేది సుమారు ఒకటిన్నర లీటరు మాత్రమే. ముందు అన్నీ ఒలకబోసి, తరువాత పనికొచ్చేవి ఏరుకోవడం వింతగా తోచవచ్చు. కాని వ్యర్థాలను ఒక్కొక్కటిగా గుర్తుపట్టవలసిన పని దీనివల్ల చాలావరకు తప్పుతుంది.

మూత్రం మూత్రనాళాల ద్వారా కొద్దికొద్దిగా మూత్రాశయానికి చేరుతుంది. నీరు ఎక్కువగా తాగినప్పుడు రక్తం కాస్త పలచబడి, నాళికలు నీటిని వెనక్కి తీసుకునేలా చేసే, మెదడు నుంచి వెలువడే వాసోప్రెసిన్ హార్మోను తగ్గుతుంది. అప్పుడు నాళికలు నీటిని తక్కువగా వెనక్కి తీసుకుంటాయి కాబట్టి కొద్దిసేపటికే రంగులేని మూత్రం ఎక్కువగా వచ్చి, తాగిన నీరే నేరుగా దిగిందన్న భ్రమ కలుగుతుంది.