బాణం తగల్లేదు కదా, కేసు ఎలా అవుతుంది?

ప్రశ్న: మాది పాకాల అడవి దగ్గర పల్లె. హన్మకొండలో ఉద్యోగం. మా తాత విల్లుతో అడవి పందిని కొట్టిన కథలు వింటూ పెరిగాను. అమెరికాలో విల్లుతో జింకల్ని వేటాడే వీడియోలు చూసి మోజు పుట్టి, ఆన్‌లైన్‌లో కాంపౌండ్ విల్లు (కప్పీలు ఉండే విల్లు) కొన్నాను. బిల్లు ఉంది. మా చిన్నాయన మక్క చేనును పందులు పాడుచేస్తుంటే చూడలేక, మొన్న అక్టోబరులో చేను దగ్గర చెట్టు మీద మంచె కట్టి, రాత్రి ఒక పంది మీద బాణం వేశాను. తగల్లేదు. దోస్తు వీడియో తీస్తే ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టాను. ఇప్పుడు విల్లు తీసుకుని ఫారెస్ట్ రేంజ్ ఆఫీసుకు రమ్మని నోటీసు వచ్చింది. వీడియో తీసేసి, పంట కాపాడటానికి నన్ను పిలిచినట్టు మాజీ సర్పంచ్‌తో పాత తేదీ వేసిన లెటర్ రాయించుకుంటే చాలని దోస్తు అంటున్నాడు. మూడేళ్లు గడిస్తే కేసే ఉండదట. కోయవాళ్లు తరతరాలుగా వేటాడుతున్నారు కదా, నాకెందుకు కేసు? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. విలువిద్య నేర్చుకోవాలన్న కోరిక ఇక వదులుకోవాల్సిందేనా?
– ఒక పాఠకుడు, వరంగల్ జిల్లా

జవాబు: మీరు ఇంత వివరంగా రాశారు గానీ, కేసును తేల్చే ఒక్క సంగతి మాత్రం రాయలేదు. ఆ మంచె ఎక్కడ కట్టారు? మీ చిన్నాయన పట్టా భూమిలోనా, పాకాల అభయారణ్యం హద్దు లోపలా? ‘చేను దగ్గర చెట్టు’ అంటే కోర్టుకు ఏమీ అర్థం కాదు.

ముందుగా మీరు ధైర్యం చెప్పుకుంటున్న మాటల సంగతి చూద్దాం. బాణం తగలకపోవడం మిమ్మల్ని కాపాడదు. వన్యప్రాణి సంరక్షణ చట్టం, 1972లో ‘వేట’ అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం, తరమడం, ఎర వేయడం, వీటిలో దేనికైనా చేసే ప్రతి ప్రయత్నం వేట కిందికే వస్తుంది. విల్లుకు బిల్లు ఉందంటున్నారు. విల్లు దొంగ సొత్తని ఎవరూ అనలేదు కదా. అదే చట్టంలో ‘ఆయుధం’ అన్న మాటకిచ్చిన నిర్వచనంలో విల్లు, బాణాలను పేరుపెట్టి చేర్చారు. కోయవాళ్ల సంగతి తెచ్చారు. 2006 అటవీ హక్కుల చట్టం గిరిజనులకు ఎన్నో సంప్రదాయ హక్కులు ఇచ్చింది గానీ, వేటాడే హక్కును మాత్రం స్పష్టంగా మినహాయించింది. వాళ్లకే లేని హక్కు హన్మకొండ ఉద్యోగికి ఎక్కడి నుంచి వస్తుంది? ఇక అమెరికాలో ఆ వేట రాష్ట్ర లైసెన్సుతో, నిర్ణయించిన సీజన్‌లో జరుగుతుంది. ఆ వీడియోల్లో మనిషి జేబులో ఉన్న లైసెన్స్ మీకు కనపడలేదు. మన దగ్గర సరదా వేటకు లైసెన్సే లేదు.

ఇప్పుడు అసలు పాయింట్‌కు వద్దాం. వన్యప్రాణి చట్టానికి 2022లో చేసిన సవరణ తర్వాత అడవి పంది షెడ్యూల్ 2లో, అంటే రక్షణ ఉన్న జంతువుల రెండో జాబితాలో ఉంది. అభయారణ్యం బయట దాన్ని వేటాడితే, అది సొంత పట్టా భూమిలోనైనా సరే, సెక్షన్ 51 కింద మూడేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. అదే పంది, అదే బాణం, అభయారణ్యం లోపలైతే కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఏడేళ్ల జైలు, పైగా కనీసం 25 వేల జరిమానా. రాతపూర్వక అనుమతి లేకుండా ఆయుధంతో అభయారణ్యంలో అడుగుపెట్టడం సెక్షన్ 31 ప్రకారం మరో నేరం. బాణం వేయకపోయినా అది నేరమే.

మీ దోస్తు చెప్పిన మూడేళ్ల లెక్క కూడా ఇక్కడే తేలుతుంది. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 514 ప్రకారం మూడేళ్ల వరకు జైలు పడే నేరాలకు కాలపరిమితి మూడేళ్లు. ఏడేళ్ల వరకు పడే నేరానికి కాలపరిమితే లేదు. అంటే మంచె హద్దు లోపల ఉందని తేలితే పదేళ్ల తర్వాతైనా కేసు వేయొచ్చు. బయట ఉందని తేలినా, నేరం సంగతి అధికారులకు తెలియకుండా ఉంటే వాళ్లకు తెలిసిన రోజు నుంచి లెక్క మొదలవుతుంది. ఫిర్యాదు దాఖలైన తేదీయే చూడాలని, కోర్టు దాన్ని విచారణకు తీసుకున్న తేదీ కాదని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2013లో చెప్పింది. మీకు నోటీసు కూడా వచ్చేసింది. దాక్కుని మూడేళ్లు గడిపే ఆలోచన మానుకోండి.

ఆ లెటర్ జోలికి మాత్రం అస్సలు పోవద్దు. విచారణలో చూపించడానికి తప్పుడు కాగితం తయారుచేయడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) సెక్షన్ 228, 229 కింద నేరం. కోర్టు వ్యవహారంలో వాడితే ఏడేళ్ల వరకు జైలు. అంతకన్నా ముఖ్యమైన మాట: ‘పందుల్ని కొట్టడానికి పిలిచాం’ అని ఆ లెటర్‌లో రాయిస్తే, వేటాడాలనే ఉద్దేశంతోనే వెళ్లారని మీ చేతులతో మీరే రుజువు చేసినట్టు. పంట నష్టం చేసే పందుల విషయంలో చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌గానీ, అధికారం పొందిన అధికారిగానీ వన్యప్రాణి చట్టం సెక్షన్ 11 కింద కారణాలు చూపి రాతపూర్వకంగా అనుమతి ఇవ్వవచ్చు. ఆ అనుమతి వేటకు ముందు ఉండాలి. మాజీ సర్పంచ్ తర్వాత రాసిచ్చే లెటర్ దానికి సాటి రాదు.

వీడియో కూడా తీసేయకండి. ఈపాటికే అది ఎందరి ఫోన్లలో ఉందో మీకు తెలియదు. మీరు తీసేస్తే సాక్ష్యం పోదు, సాక్ష్యం నాశనం చేశారన్న కొత్త ఆరోపణ వస్తుంది. ఇంకో సంగతి, ఈ సలహాలు ఇస్తున్న మీ దోస్తు ఆ రాత్రి పక్కన ఉండి వీడియో తీశాడు. నేరానికి తోడ్పడినవాళ్లూ నేరం చేసినట్టేనని వన్యప్రాణి చట్టం సెక్షన్ 52 చెబుతుంది. ఆయన భయం ఆయనకుంది. ఆ భయంలోంచి వచ్చే సలహా మీకు పనికిరాదు.

ఒక మాట కటువుగా చెప్పాలి. రాత్రిపూట, అడవి అంచున, నిజంగా ప్రాణం తీసే విల్లుతో చెట్టెక్కి, దాన్ని నలుగురికీ చూపించారు. వీడియోలో బాణం మొన కనిపిస్తుందేమో ఒకసారి చూసుకోండి. గురిపెట్టే ఆటలో వాడే బాణానికి బ్లేడ్లు లేని నున్నటి మొన ఉంటుంది. వేట బాణానికి రెండు, మూడు పదునైన బ్లేడ్లు ఉంటాయి. బ్లేడ్ల మొన కనిపిస్తే ‘ప్రాక్టీస్ చేస్తున్నాను’ అన్న మాట కోర్టులో ఒక్క నిమిషం నిలబడదు. కరెంటు తీగలు పెట్టి పందుల్ని చంపబోయి మనుషుల ప్రాణాలు పోయిన ఊళ్లు మన జిల్లాల్లోనే ఉన్నాయి. విల్లు అంత ప్రమాదం కాదనుకున్నారేమో. చీకట్లో గురితప్పిన ఆ బాణం ఎటు పోయిందో మీకు తెలుసా? పక్క చేనులో కాపలా ఉన్న రైతుకు తగిలి ఉంటే?

ఇప్పుడు చేయాల్సిన పని చెబుతాను. మంచె కట్టిన చెట్టు ఏ సర్వే నంబర్‌లో ఉందో తేల్చుకోండి. చిన్నాయన పట్టాదారు పాస్‌బుక్, ఆ సర్వే నంబర్ టిప్పన్ (భూమి కొలతల పటం) నకలు తీసుకోండి. సర్వేయర్‌తో హద్దులు కొలిపించి రిపోర్టు రాయించుకోండి. అభయారణ్యం నోటిఫికేషన్‌లో రాసిన హద్దులతో దాన్ని సరిచూడాలి. ఈ మెట్టు వదిలేయకండి. పట్టా ఉన్నంత మాత్రాన ఆ భూమి అభయారణ్యం బయట ఉందని అనుకోవడానికి వీల్లేదు. దోస్తు ఫోన్‌లోని అసలు వీడియో ఫైల్‌లో లొకేషన్ నమోదై ఉంటే, అది మీకు మేలు చేసే సాక్ష్యమో కీడు చేసేదో మీ లాయర్ ముందే చూడాలి. అందుకే ఫోన్లను రీసెట్ చేయించవద్దు, అమ్మవద్దు. ఎలక్ట్రానిక్ సాక్ష్యం నకలు ఎవరు దాఖలు చేసినా భారతీయ సాక్ష్య అధినియం సెక్షన్ 63 సర్టిఫికెట్ ఉండాలి.

రేంజ్ ఆఫీసుకు వెళ్లకుండా ఉండొద్దు, ఒంటరిగానూ వెళ్లొద్దు. నోటీసులో ఏ సెక్షన్లు రాశారో చూసి, అరెస్టు భయం ఉంటే ముందే సెషన్స్ కోర్టులో నాగరిక్ సురక్షా సంహిత సెక్షన్ 482 కింద ముందస్తు బెయిల్ వేయండి. విల్లు అప్పగించేటప్పుడు పంచనామా నకలు అడిగి తీసుకోండి. పోలీసుల ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో చెల్లదని అందరికీ తెలుసు. ఫారెస్ట్ అధికారులు పోలీసులు కారు, వాళ్ల ముందు ఇచ్చే స్టేట్‌మెంట్ మీ మీదే సాక్ష్యంగా రావచ్చు. చదవకుండా, లాయర్‌తో మాట్లాడకుండా సంతకం చేయకండి. మీకు వ్యతిరేకంగా మీరే సాక్ష్యం చెప్పాలని బలవంతపెట్టే హక్కు ఎవరికీ లేదు.

మంచె హద్దు బయట ఉందని తేలితే వన్యప్రాణి చట్టం సెక్షన్ 54 కింద సొమ్ము కట్టి కేసును కాంపౌండింగ్ చేయమని, అంటే అంతటితో ముగించమని అడగవచ్చు. అది అధికారి విచక్షణ, మీ హక్కు కాదు. అభయారణ్యం లోపలైతే ఆ దారే లేదు, కనీస శిక్ష ఉన్న నేరాలకు కాంపౌండింగ్ కుదరదు. సర్వే రిపోర్టుకు అంత విలువ ఉన్నది అందుకే.

విలువిద్య వదులుకోనక్కర లేదు. వేట మాట మర్చిపోండి, ఆట నేర్చుకోండి. పెద్దపల్లి జిల్లా అమ్మాయి తానిపర్తి చికిత 2025లో ప్రపంచ యూత్ ఛాంపియన్‌షిప్‌లో కాంపౌండ్ విభాగంలో స్వర్ణం గెలిచింది. కోచ్ ఉన్న మైదానంలో చేరి, 20 పౌండ్ల చుట్టుపక్కల బలం ఉన్న రికర్వ్ విల్లుతో (కప్పీలు లేకుండా, కొసలు ముందుకు వంగి ఉండే విల్లు), పది మీటర్ల లోపు నుంచి మొదలుపెట్టండి. వేట కోసం తయారైన బలమైన విల్లుతో మొదలుపెడితే భుజం పాడవుతుంది, నిలబడే తీరు ఎప్పటికీ కుదరదు. బాణం లేకుండా నారి లాగి వదలకండి, విల్లు విరిగి ముఖానికి తగలొచ్చు. అడవిలో జంతువును గురిచూసే అనుభవమే కావాలంటే ఫోమ్‌తో చేసిన జంతు బొమ్మల మీద, దూరం అంచనా వేసుకుంటూ బాణాలు వేసే 3డీ ఆర్చరీ అనే పోటీ ఉంది. ఒకటి మాత్రం గుర్తుపెట్టుకోండి, ఇంటి డాబా మీదా పొలం గట్టు మీదా ప్రాక్టీస్ చేసి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే అది న్యాయ సంహిత సెక్షన్ 125 కింద మరో కేసు.

ఈ కేసు తేలేదాకా ఇంకో విల్లు కొనకండి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఈ విషయం మీద ఒక్క మాట కూడా రాయకండి. నోటీసులో ఇచ్చిన తేదీ చూసుకుని, అంతకన్నా ముందే టిప్పన్ నకలు చేతబట్టుకుని లాయర్‌ని కలవండి.