కిల్ టీమ్ పాత, కొత్త ఎడిషన్లను పోల్చబోయే మా అల్లుడికి

చిరంజీవి అల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బల్లమీద చిన్న సైనికుల బొమ్మలతో ఆడే కిల్ టీమ్ ఆట 2018, 2021, 2024 ఎడిషన్లు మూడూ వరసగా ఆడి, ఏది ఎందుకు మెరుగో తేల్చి రాస్తావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం వేసింది, ఆ వెంటనే దిగులూ పట్టుకుంది. ఇలాంటి పోలికలు రాసేవాళ్ళలో చాలామంది ఆడేది ఒక ఎడిషన్, తీర్పు చెప్పేది ఇంకో ఎడిషన్ మీద. అది వాళ్ళకే తెలియదు. నువ్వు అలా కాకూడదనే ఈ ఉత్తరం.

తేలిక పనులు ముందు చెప్పేస్తాను. 30 బై 22 అంగుళాల బల్ల మూడింటికీ సరిపోతుంది. గోడలు, శిథిలాలు అమర్చాక పైనుంచి ఫోటో తీసుకుని ప్రతి ఆటకీ అదే అమరిక పెట్టు. రెండు జట్లనూ మార్చకు. ఒక ఆట అయ్యాక పక్కలు మార్చుకోండి. ఏ ఎడిషన్‌లోనైనా మొదటి ఆట చెయ్యి అలవాటు కావడానికే, దాన్ని లెక్కలోకి తీసుకోకు. ఒక్కో ఎడిషన్‌ను దాని చివరి సవరణలతో ఆడు. ఎన్నో దిద్దుబాట్లు చూసిన పాతదాన్ని, పెట్టె విప్పిన రోజు నాటి కొత్తదాని పక్కన నిలబెడితే కొత్తదానికి అన్యాయం జరుగుతుంది.

2018 ఆటను ముసలిదని చిన్నచూపు చూడకు. అందులో రౌండు దశలుగా నడుస్తుంది: ఇనిషియేటివ్ (ముందెవరో తేల్చేది), కదలిక, సైకిక్ (మనోశక్తులు), కాల్పులు, ముఖాముఖి పోరు, మొరేల్ (ధైర్యం). ఇనిషియేటివ్ గెలిచినవాడు తన మనుషులందర్నీ ముందే కదిపేయాలి, అవతలివాడు అంతా చూశాక కదులుతాడు. అయితే కాల్పుల్లో మొదటి అవకాశం గెలిచినవాడిదే. ఈ ఇచ్చిపుచ్చుకోవడమే ఆ ఆటకు ప్రాణం. తగిలిందా, గాయమైందా, కవచం ఆపిందా అని మూడు రోల్స్ దాటాక, చివరి ఊండ్ (ప్రాణం అంకె) పోయిన మనిషికి ఇంజురీ రోల్ వేస్తారు. 1 నుంచి 3 వస్తే ఫ్లెష్ ఊండ్, అంటే గాయంతో ఆటలోనే ఉంటాడు; 4 ఆపైన వస్తే ఆట నుంచి అవుట్. చాటున ఉంటే ఒకటి తగ్గుతుంది, పాత ఫ్లెష్ ఊండ్ ఒక్కోదానికీ ఒకటి కలుస్తుంది. ఆ ఒక్క డై దొర్లుతుంటే బల్ల చుట్టూ మాటలు ఆగిపోయేవి. స్నైపర్, మెడిక్, కామ్స్ (సమాచారం అందించేవాడు) అంటూ పది స్పెషలిజాలుండేవి, కాంపెయిన్ (ఒకే జట్టుతో వరస ఆటలు) నడిచేకొద్దీ వాళ్ళు ఎదిగేవాళ్ళు. రెండేసి గాయాలతో నాలుగో రౌండు దాకా నిలబడ్డ మామూలు సైనికుడికి, గార్డ్స్‌మన్‌కి జట్టంతా పేరు పెట్టి పిలుచుకునేది. ఆ ఆపేక్ష స్కోరు కాగితం మీద కనపడదు, కానీ పోలికలో దానికీ చోటివ్వు.

ఇప్పుడు అసలు సంగతి. జాగ్రత్తగా చదువు.

2018కీ 2024కీ మధ్య పొరపాటు పడటం కష్టం. ఒకదాంట్లో దశలు, వంద పాయింట్ల జట్టు. ఇంకోదాంట్లో ఒక్కో ఆపరేటివ్‌ని (జట్టులోని మనిషిని) వంతులవారీగా యాక్టివేట్ చేయడం, అంటే లేపి పని చేయించడం, ఎంగేజ్ (పోరాడు), కన్సీల్ (దాక్కో) ఆర్డర్లు. రెండూ వేర్వేరు ఆటలని చేతికే తెలుస్తుంది. ప్రమాదమంతా 2021కీ 2024కీ మధ్య ఉంది. పేర్లు అవే, ఆర్డర్లు అవే, నాలుగు టర్నింగ్ పాయింట్లూ (రౌండ్లూ) అవే. అందుకే 2021లో అలవాటైన చెయ్యి 2024 ఆటలోకి పాత నియమాన్ని తెచ్చేస్తుంది, ఎదుటివాడికీ అదే అలవాటు గనక ఎవరూ ఆపరు.

అన్నిటికంటే ఎక్కువ చేటు చేసేది గ్రూప్ యాక్టివేషన్, అంటే ఒకే వంతులో ఒకరికంటే ఎక్కువమందిని లేపడం. 2021లో అది ప్రతి ఆపరేటివ్ కార్డుమీదా ఒక అంకె. 2 ఉన్న గార్డ్స్‌మెన్ జంటలుగా లేచేవాళ్ళు. 2024లో ఆ అంకె తీసేశారు. కార్డుమీద ఆ సామర్థ్యం విడిగా రాసి ఉన్నవాళ్ళు తప్ప అందరూ ఒక్కొక్కరుగానే లేస్తారు. ఇది మరిచిపోయి పదిమంది జట్టును పాత పద్ధతిలో జంటలుగా ఆడించావనుకో. ఐదు వంతుల్లో నీ పని అయిపోతుంది. ఎదుట ఆరుగురు మెరైన్లు (గట్టి కవచాల సైనికులు) ఉంటే చివరి మాట వాళ్ళదే అవుతుంది. సరిగ్గా ఆడితే జరిగేది దీనికి పూర్తిగా తిరగబడి ఉంటుంది: ఆరుగురూ లేచేశాక కూడా నీకింకా నలుగురైదుగురు మిగులుతారు. ఆ లోటు పూడ్చడానికే 2024లో కౌంటర్‌యాక్ట్ పెట్టారు. వాళ్ళందరూ లేచేశాక నీ మనిషి ఒకడు లేచినప్పుడల్లా, అప్పటికే లేచేసిన వాళ్ళ మనిషి ఒకడు, ఎంగేజ్ ఆర్డర్‌లో ఉంటే, 1 ఏపీ (యాక్షన్ పాయింట్) చర్య ఒకటి ఉచితంగా చేయొచ్చు. రెండు అంగుళాలకు మించి మాత్రం కదలకూడదు. ఒక టర్నింగ్ పాయింట్‌లో ఒక్కో మనిషికి ఒక్కసారే. జంటలుగా లేపితే ఆ అవకాశం వాళ్ళకు రానే రాదు. అప్పుడు నువ్వు ‘2024లో చిన్న జట్లను గాలికొదిలేశారు’ అని రాస్తావు. వదిలేసింది ఆ ఎడిషన్ కాదురా, అలవాటు.

కౌంటర్‌యాక్ట్‌ను గుర్తుపెట్టుకున్నవాళ్ళు కూడా దాన్ని 2021 ఓవర్‌వాచ్‌లా ఆడేస్తుంటారు. ఓవర్‌వాచ్ అంటే కాల్పులే, అదీ గురి ఒక మెట్టు తగ్గించుకుని. కౌంటర్‌యాక్ట్ కాల్పులకే పరిమితం కాదు, గురి తగ్గింపూ లేదు. డిఫెన్స్ అంకె కూడా కార్డు మీంచి పోయింది, ఇప్పుడు అందరూ మూడు డైస్ తీసుకుంటారు. సామగ్రికి పది పాయింట్ల లెక్క పోయి నాలుగు దాకా ఎంచుకోవడం వచ్చింది. 2021 కొలతల్లో త్రికోణం 1, వృత్తం 2, చతురస్రం 3, పంచభుజి 6 అంగుళాలు. 2024లో నేరుగా అంగుళాలే, తిన్నని ఒక్కో నడకనూ పై అంగుళానికి సవరించాలి. వృత్తం కొలబద్దను పెట్టెలో పెట్టేయి. బల్లమీద ఉంటే చెయ్యి దానిమీదకే పోతుంది.

మందు ఒకటే. ఆడుతున్న ఎడిషన్ పుస్తకం తప్ప మిగతావి ఆ గదిలోనే ఉండకూడదు. ‘నాకు తెలుసు’ అనిపించిన ప్రతి నియమాన్నీ మొదటిసారి వాడేటప్పుడు పైకి చదవండి. తెలియనివి ఎలాగూ చూస్తారు. కొంప ముంచేది తెలుసనుకున్నవే. ఆట మధ్యలో పాత నియమం దూరిందని తెలిస్తే దిద్దుకుని ముందుకు పోకు, ఆ ఆట ఫలితం కొట్టేసి మళ్ళీ మొదలుపెట్టు. బాధగానే ఉంటుంది నాన్నా, కానీ కలుషితమైన ఒక్క ఆట నీ పోలికనంతా వంకర చేస్తుంది.

అంకెల్ని ఒక ఎడిషన్ నుంచి ఇంకోదానికి మార్చాలని చూడకు. 2018 టాక్టికల్ మెరైన్‌కు ఊండ్ ఒక్కటే, 2021లో పన్నెండు. అలాగని పన్నెండు రెట్లు గట్టివాడైపోలేదు. కొత్త పద్ధతిలో చూడాల్సింది గుమ్మం అంకె, అంటే ఎన్ని ఊండ్లు పోతే పడతాడన్నది. ఏడు ఊండ్ల గార్డ్స్‌మన్ మీద 3/4 డ్యామేజ్ (మామూలు దెబ్బకు 3, క్రిటికల్ దెబ్బకు 4) బోల్ట్‌గన్ పేలిస్తే రెండు మామూలు దెబ్బలకు ఆరే పోతాయి, వాడు ఒక్క ఊండ్‌తో, గాయపడి, నిలబడే ఉంటాడు. వాటిలో ఒకటి క్రిటికల్ అయితే ఏడూ పోయి పడిపోతాడు. 2018లో ఇంజురీ రోల్ చేసిన పనిని ఇక్కడ ఈ ఒక్క అంకె తేడా చేస్తోంది. రెండు ఎడిషన్ల ఉత్కంఠను పోల్చదలచుకుంటే ఇక్కడ పోల్చు.

ఇంకో భయం ఉంది, నాకు నిద్ర పట్టనివ్వనిది. కొత్త బేసుల (బొమ్మ కాళ్ళ కింది గుండ్రటి పీటల) కోసం పాత మినియేచర్లను ఊడదీస్తావేమోనని. మెరైన్లు 25 మిల్లీమీటర్ల నుంచి 32కు మారారు, నిజమే. కానీ ప్లాస్టిక్ గ్లూ రెండు ముక్కల్నీ కరిగించి ఒకటి చేస్తుంది. లాగితే బేసు రాదు, చీలమండ విరుగుతుంది. సూపర్ గ్లూతో అతికించినదైతే కొన్ని గంటలు ఫ్రీజర్‌లో ఉంచితే అతుకు పెళుసై, కాస్త మెలిపెడితే ఊడొచ్చు. ఏది వాడారో తెలియని బొమ్మ జోలికి పోకు. పాత బేసు చుట్టూ తొడిగే సన్నటి రింగు చాలు, లేదా 32 బేసు మీద, మళ్ళీ ఊడదీయగల జిగురు ముద్ద బ్లూ ట్యాక్‌తో పాతదాన్ని యథాతథంగా నిలబెట్టు. ఎత్తు కాస్త పెరుగుతుంది, కనుచూపు కొలిచేటప్పుడు అది ఇద్దరూ ఒప్పుకుని ఆడండి. కత్తి పట్టక తప్పకపోతే మొద్దుబారిన బ్లేడు పారేసి కొత్తది వెయ్యి, నీవైపు లాగొద్దు, బొమ్మ పట్టుకున్న వేళ్ళు బ్లేడు దారిలో ఉంచొద్దు. మొద్దు బ్లేడుకే ఎక్కువ బలం పెడతాం, జారితే నేరుగా బొటనవేల్లోకి దిగుతుంది. నీ వేలు తెగడం కన్నా ఆ పోలిక అసలు రాయకపోవడం నయం.

ప్రతి ఆటకూ ఒక కాగితం పెట్టు: ఎవరు ఎన్ని యాక్టివేషన్లు చేశారు, ఎన్ని కౌంటర్‌యాక్ట్‌లు వాడారు, ఏ టర్నింగ్ పాయింట్‌లో ఎవరు పడ్డారు, పుస్తకం ఎన్నిసార్లు తెరిచారు, ఎంతసేపు పట్టింది. గెలుపోటములు అడుగున రాయి. రెండు మూడు ఆటల్లో గెలుపు డైస్‌దే ఎక్కువ, నియమాలది తక్కువ. మొదటి జత ఆటల కాగితాలు అవ్వగానే పంపు. జంటలుగా ఎవరైనా లేచారేమో ముందు అది చూస్తాను.

ప్రేమతో,
మామయ్య