అడగండి, చెబుతాం: మన వైపు వాళ్లెవరూ లేరా?

ప్రశ్న: మా స్కూల్లో పర్యావరణం కోసం పాటుపడ్డవాళ్ల ఫొటోలతో చార్టు వేయిస్తున్నాను. రేచల్ కార్సన్, వంగారి మాతాయ్, సుందర్‌లాల్ బహుగుణ, సలీం అలీ అందరూ అయ్యాక ఒక పిల్లాడు "మన వైపు వాళ్లెవరూ లేరా టీచర్?" అన్నాడు. ఎవర్ని పెట్టమంటారు?
– ఒక టీచరు, బరంపురం

జవాబు: గట్టి ప్రశ్నే వేశాడు. ఉన్నవాళ్లని తీసేయకండి గానీ కాస్త జరిపి సతీష్ భాస్కర్‌కి చోటివ్వండి. ఆయన మలయాళీ. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరాలు వెతుక్కుంటూ నాలుగు వేల కిలోమీటర్లకు పైగా నడిచిన మనిషి. 1982 వానాకాలంలో లక్షద్వీపాల్లోని సుహేలి అనే మనుషుల్లేని దీవిలో నెలల తరబడి ఒక్కడే ఉండిపోయాడు, ఎందుకంటే అక్కడ పచ్చ తాబేళ్లు ఒడ్డెక్కేది అప్పుడే, ఆ కాలంలోనేమో ఆ సముద్రంలో పడవలు తిరగవు. భార్యకు ఉత్తరం రాసి సీసాలో పెట్టి నీళ్లలో వదిలితే అది శ్రీలంకలో ఒక జాలరికి దొరికింది, ఆయన దాన్ని పోస్టు చేశాడు కూడా! ఇది చెప్పారంటే పిల్లలు చార్టు సంగతే మర్చిపోతారు.

ఇక మన గంజాం. ఋషికుల్య నది సముద్రంలో కలిసేచోట ఆలివ్ రిడ్లీ తాబేళ్లు వేల సంఖ్యలో ఒకేసారి ఒడ్డుకొస్తాయని శాస్త్రవేత్తల లెక్కలోకి ఎక్కించింది బివాష్ పండవ్ అనే పరిశోధకుడు, 1994లో. ఒడ్డున వలలు ఎండబెట్టుకునేవాళ్లకి అంతకుముందు తెలియదా అంటే, ఎందుకు తెలియదు, వాళ్లనెవరూ అడగలేదంతే. ఆ తర్వాత చుట్టుపక్కల ఊళ్ల కుర్రాళ్లే కాపలా మొదలుపెట్టారు. గుడ్లు పెట్టి నెలన్నర దాటాక తాబేలు పిల్లలు రాత్రిపూట ఇసుకలోంచి బయటికొచ్చి వెలుతురు ఉన్నవైపు పాకుతాయి. సముద్రం మీది వెలుగైతే సరే, రోడ్డు లైట్లయితే ఊరివైపు పోయి పొద్దునకల్లా ఎండకి చచ్చిపోతాయి. అందుకని వీళ్లు ఒడ్డు పొడవునా వల అడ్డం కట్టి, దారి తప్పినవాటిని బకెట్లలో ఏరి నీళ్ల దగ్గర వదులుతారు. వాళ్ల ఫొటోలు దొరక్కపోతే పిల్లల చేతే బొమ్మ వేయించండి. ఎప్పుడైనా చూపించడానికి తీసుకెళ్తే మాత్రం సెల్‌ఫోన్ టార్చీలు వద్దు.

ప్రశ్న: క్విజ్ పోటీకి కావాలి సార్, నియమగిరి ఉద్యమ నాయకుడు ఎవరు? ఒక్క పేరు చెప్పండి.
– డిగ్రీ విద్యార్థి, రాయగడ

జవాబు: ఒక్క పేరంటే చిక్కే తమ్ముడూ. కోర్టుల చుట్టూ ఏళ్ల తరబడి తిరిగినవాడు ప్రఫుల్ల సామంతరా, 2017లో ఆయనకు గోల్డ్‌మన్ పర్యావరణ బహుమతి వచ్చింది, క్విజ్‌లో బహుశా అదే అడుగుతారు. కొండ మీద మనుషుల్ని కూడగట్టినవాళ్లలో లాడో సికాకా ఉన్నాడు. కానీ అసలు తీర్పు చెప్పింది ఊళ్లు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, నియమగిరి కొండ మీద బాక్సైట్ గని తవ్వాలా వద్దా అన్నది గ్రామసభల్నే తేల్చమంది. మీ రాయగడ జిల్లాలో 7, కలహండిలో 5 ఊళ్లు, జిల్లా జడ్జి ఎదుట కూర్చుని బాక్సైట్ గని వద్దన్నాయి. పన్నెండుకి పన్నెండూ! అక్కడి గిరిజనులు డొంగ్రియా కోందులు, తమ దేవుడు నియమరాజు ఉండే కొండ ఇదని ఒకళ్ల తర్వాత ఒకళ్లు లేచి చెప్పారు. వాటిలో ఇజురుపా అనే ఊళ్లో ఉన్నది ఒక్కటే కుటుంబం, వాళ్లదీ అదే మాట. క్విజ్ మాస్టారు ఒప్పుకుంటే "పన్నెండు గ్రామసభలు" అని జవాబు రాయి, మార్కు పోయినా పర్లేదనుకుంటే.

ప్రశ్న: గోడల మీద సవర బొమ్మలు వేస్తాను. అడవి గురించి వేస్తే ఏమైనా ఉపయోగం ఉంటుందా, లేక టైం వేస్టా?
– గునుపూర్ నుంచి ఒక పాఠకుడు

జవాబు: ఉంటుంది, అయితే ఎవరికి చూపిస్తామన్నది ముఖ్యం. 1871లో థామస్ మోరాన్ అనే చిత్రకారుడు సర్వే బృందంతో అమెరికాలోని ఎల్లోస్టోన్ వెళ్లి రంగుల్లో బొమ్మలు వేసుకొచ్చాడు. అక్కడి వేడినీటి బుగ్గల గురించి చెబితే జనం కోతలనుకునేవాళ్లు. ఆ బొమ్మలు, అదే బృందంలోని జాక్సన్ తీసిన ఫొటోలు అమెరికా కాంగ్రెస్ సభ్యులకు చూపించారు, మరుసటి ఏడాది అది నేషనల్ పార్క్ అయింది. మీరూ "చెట్లను కాపాడండి" అని రాయడం మానేసి మీ ఊరి గెడ్డ వేయండి, పక్కన ఇప్పచెట్టు, జీలుగు చెట్టు దేనికది గుర్తుపట్టేలా. తర్వాత ఆఫీసులకి వెళ్లేటప్పుడు ఆ కాగితం కూడా అర్జీకి జతచేయండి.