రోడ్డు కమర్షియల్ అవుతుందంటున్నారు, ఇల్లు పడగొట్టి మడిగెలు కట్టాలా?

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్‌ని, వయసు 61. మావారికి 66, షుగర్ ఉంది. బోడుప్పల్‌లో 240 గజాల్లో (ముందువైపు 36 అడుగులు, లోపలికి 60) పాత ఇల్లు మాది. కింద మేముంటాం, పై పోర్షన్ 14,000కి కిరాయికి ఇచ్చాం. పెన్షన్ 42,000 వస్తుంది, ఇంటి ఖర్చు 35,000 దాకా అవుతుంది. సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌లో 15 లక్షలు, ఎఫ్‌డీల్లో 15 లక్షలు, మ్యూచువల్ ఫండ్లలో 8 లక్షలు ఉన్నాయి. మా 40 అడుగుల రోడ్డు 60 అడుగులవుతుందని, కింద షాపులు, పైన ఇళ్లు కట్టుకునేలా మా ఏరియా జోన్ మారుతుందని కాలనీ అంతా చెప్పుకుంటున్నారు. 60 లక్షలు లోన్ తీసుకుని కింద నాలుగు మడిగెలు, పైన రెండు పోర్షన్లు కడితే నెలకి లక్ష వస్తుందని మేస్త్రీ, బ్రోకర్ అంటున్నారు. మా రోడ్డు మీద మడిగెలు ఇప్పుడు 12,000కి నడుస్తున్నాయి. మా అబ్బాయి లోన్‌లో కలుస్తానంటున్నాడు, అతని చెల్లెలు కూడా ఉంది. ఇంకోపక్క ఒక బిల్డర్, మా పక్క మూడు ప్లాట్లతో కలిపి ఇస్తే సగం సగం అంటున్నాడు. ఏం చేయమంటారు? ఉగాదిలోపు పై వాళ్లని ఖాళీ చేయించాలా?

జవాబు:

టీచర్ గారూ, లోన్ తీసుకోకండి. ఇది ముందే చెప్పేస్తున్నాను. ఈపాటికే మీ ఇంట్లో ప్లాన్ గీయించే మాటలు మొదలై ఉంటాయని నాకనిపిస్తోంది.

"అవుతుందట" అన్న మాటకి బ్యాంకు ఈఎంఐ ఆగదు. జోన్ మారడమంటే మీ స్థలంలో ఫలానాది కట్టుకోవచ్చని ఒక హక్కు రావడం. కిరాయిదారుని ఎవరూ తెచ్చిపెట్టరు. ఆ హక్కు కూడా ఇంకా మీ చేతికి రాలేదు. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధిలో వేర్వేరు కాలాల్లో వచ్చిన మాస్టర్ ప్లాన్‌లు నడుస్తున్నాయి. అన్నిటినీ కలిపి 2050 వరకు పనికొచ్చేలా కొత్త ప్లాన్ తయారుచేసే పని పెట్టుకున్నారు. అది తుది రూపంలో నోటిఫై అయ్యేదాకా మీ సర్వే నంబరు ఏ రంగులో, అంటే ఏ జోన్‌లో పడుతుందో బ్రోకర్ చెప్పలేడు, నేనూ చెప్పలేను. ముందు ముసాయిదా వస్తుంది, అభ్యంతరాలు తీసుకుంటారు, ఆ తర్వాత జీవో వస్తుంది. ఒక్కో మెట్టుకీ నెలలు పట్టొచ్చు, ఏళ్లూ పట్టొచ్చు.

జంట జలాశయాల (ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్) చుట్టూ ఉన్న 84 గ్రామాల సంగతి మీకు తెలిసే ఉంటుంది. అక్కడి కట్టడాల మీద 1996లో వచ్చిన 111 జీవో ఆంక్షలను సడలిస్తూ 2022 ఏప్రిల్‌లో 69 జీవో ఇచ్చారు. ఆ మర్నాడే అక్కడ అపార్ట్‌మెంట్లు లేవలేదు. ప్లాన్ తేలాలి, మురుగునీరు ఎటు పోవాలో తేలాలి, రోడ్లు తేలాలి. జీవో మాట విని అప్పు చేసి కొన్నవాళ్లకి వడ్డీ మాత్రం మొదటి నెల నుంచే మొదలైంది.

ఇప్పుడు మీ ప్లాట్‌కే వద్దాం. మీ ఉత్తరంలో ముందువైపు 36 అడుగులు, లోపలికి 60 అడుగులు అని రాశారు. రోడ్డు 40 నుంచి 60కి పెరిగితే, రెండు వైపులా సమానంగా తీసుకున్నారనుకుంటే మీ వైపు 10 అడుగులు పోతాయి. అంటే 360 చదరపు అడుగులు, సరిగ్గా 40 గజాలు. 240 గజాల ప్లాట్ 200 గజాలవుతుంది. కొత్త రోడ్డు అంచు నుంచి మళ్లీ సెట్‌బ్యాక్ (కట్టకుండా ఉంచాల్సిన ఖాళీ) వదలాలి. మేస్త్రీ గీసిన నాలుగు మడిగెల్లో ముందు భాగం ఎక్కడ పడుతుందో ఒకసారి టేపు పట్టి కొలిపించండి. ఈరోజు కట్టి, రేపు రోడ్డు వెడల్పులో షట్టర్లు పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. మా పిన్నివాళ్లే అలా రెండు మడిగెలు పోగొట్టుకున్నారు. కట్టడానికి తెచ్చిన అప్పు మాత్రం ఆ తర్వాత ఆరేళ్లు తీర్చారు.

రోడ్డు కోసం స్థలం వదలాల్సి వస్తే నోటిమాట మీద వదలకండి. దానికి బదులుగా టీడీఆర్ (వేరేవాళ్లకి బదిలీ చేయగల నిర్మాణ హక్కు) సర్టిఫికెట్ అడగొచ్చు. ఆ హక్కును అదనపు అంతస్తు కావాల్సిన బిల్డర్లు కొంటారు. అది మీ ఆస్తిలో భాగమేనని గుర్తుపెట్టుకోండి.

మేస్త్రీ మీతో పార్కింగ్ గురించి మాట్లాడాడా? కింద షాపులు, పైన ఇళ్లు అన్నప్పుడు అసలు చిక్కంతా అక్కడే. మామూలు ఇళ్లయితే కింద స్టిల్ట్ (పిల్లర్ల మధ్య ఖాళీ చోటు) వదిలి బండ్లు పెట్టుకుంటారు. మీరు కింద మొత్తం మడిగెలు వేస్తే బండ్లు ఎక్కడ పెడతారు? సెల్లార్ తవ్వడానికి పెద్ద ప్లాట్ కావాలి, 200 గజాల్లో ఆ ఆశ వద్దు. షాపులకి పార్కింగ్ ఇళ్లకంటే ఎక్కువే చూపించాలి. ప్లాన్‌లో పార్కింగ్ చూపించి, తర్వాత అక్కడే షట్టర్లు దించడం మన దగ్గర చాలామంది చేసే పని. అది అనుమతికి విరుద్ధం. నోటీసు వచ్చేది మేస్త్రీకి కాదు, మీకే. రిటైరయ్యాక ఆ టెన్షన్ మీకెందుకు?

లెక్క చూద్దాం. 60 లక్షలకి 10.5 శాతం వడ్డీ, 15 ఏళ్లు అనుకుంటే ఈఎంఐ సుమారు 66,300. మడిగెలు కలిసిన కట్టడం కాబట్టి బ్యాంకు దీన్ని మామూలు హోమ్ లోన్‌గా చూడకపోవచ్చు, అందుకే వడ్డీ కాస్త ఎక్కువే వేశాను. బ్రోకర్ లెక్క ఏమిటంటే మడిగెకి 18,000 చొప్పున 72,000, పై పోర్షన్లు 15,000 చొప్పున రెండు, మొత్తం 1,02,000. ఆ రెండు పోర్షన్లలో ఒకదాంట్లో మీరే ఉండాలి కదా, ఆ 15,000 రాదు. మీ రోడ్డు మీద ఇప్పుడు మడిగెలు 12,000కి నడుస్తున్నాయని మీరే రాశారు. నేను ఆ కిరాయే పట్టుకుంటాను, ఏడాదికి రెండు నెలలు ఖాళీ ఉంటాయని కూడా అనుకుంటాను. అప్పుడు మడిగెల మీద నెలకి 40,000, పోర్షన్ మీద 15,000. ఇంటి పన్ను, రిపేర్లు, మోటార్లు, వాచ్‌మన్ కింద 5,000 తీసేస్తే చేతికి 50,000 మిగులుతుంది. కమర్షియల్ వాడకం అన్నాక ఇంటి పన్నూ పెరుగుతుంది, కరెంటు మీటరు కేటగిరీ కూడా మారుతుంది.

ఈఎంఐకి నెలనెలా 16,300 తక్కువ పడుతోంది. మీ పెన్షన్‌లో మిగిలేది 7,000. సీనియర్ సిటిజన్స్ స్కీమ్ వడ్డీ సగటున నెలకి 10,250. రెండూ కలిపి 17,250, అంటే ఆ లోటుకే దాదాపు అంతా పోతుంది. మీవారికి ఒక్కసారి ఆసుపత్రి పని పడితే ఎఫ్‌డీ విరగ్గొట్టాల్సిందే.

ఇంకా కట్టే కాలం లెక్కలోకి రాలేదు. 14 నెలలు పడుతుందనుకోండి. పై పోర్షన్ కిరాయి 14,000 రాదు, మీరు ఉండే ఇంటికి ఎదురు 16,000 కట్టాలి. అది 4 లక్షల 20 వేలు. లోన్ విడతలుగా తీసుకుంటారు కాబట్టి సగటున 30 లక్షల మీద వడ్డీ వేసినా మరో 3 లక్షల 67 వేలు. మీ మ్యూచువల్ ఫండ్ల 8 లక్షలు షట్టర్ ఎత్తకముందే అయిపోతాయి.

మీ వరంగల్ హైవే మీద ఉప్పల్ నుంచి నారపల్లి ఎలివేటెడ్ కారిడార్ పని 2018లో మొదలై ఏళ్ల తరబడి సాగడం మీరు కళ్లారా చూశారు. పని నడిచినన్నాళ్లూ దుమ్ము, గుంతలు, మళ్లింపులు. ఆ రోడ్డు మీద దుకాణాలవాళ్ల బాధ మీకు నేను చెప్పక్కర్లేదు. మీ రోడ్డు వెడల్పు చేసేటప్పుడు మీ మడిగెల ముందు కూడా కొన్నాళ్లు అదే జరుగుతుంది. కిరాయిదారు ఖాళీ చేసి వెళ్లిపోగలడు, అప్పున్న యజమాని వెళ్లలేడు.

మీ అబ్బాయి ముందుకు రావడం చాలా మంచి మాట. కానీ లోన్‌లో పేరు పెట్టాక ఆ అప్పు అతనిది కూడా. రేపు అతను తన ఇంటికి లోన్ అడిగితే ఈ 66,300 అతని లెక్కలో కనిపిస్తుంది. ఈ సంగతి అతనికి, కోడలికి ఇద్దరికీ కూర్చోబెట్టి చెప్పండి. అమ్మాయి వాటా మాట కూడా అప్పుడే తేల్చుకోండి, ఎందుకంటే అన్న ఈఎంఐ కట్టిన ఇంట్లో చెల్లెలి వాటా ఎంత అన్న ప్రశ్న పదేళ్ల తర్వాత చేదుగా ఉంటుంది.

బిల్డర్ మాట లోన్ కన్నా నాకు నయంగా అనిపిస్తోంది, షరతులు సరిగ్గా రాయించుకుంటేనే. నాలుగు ప్లాట్లు కలిస్తే 960 గజాలు. రోడ్డుకి కొంత పోయినా పార్కింగ్‌కి చోటు దొరుకుతుంది, షాపులు, ఇళ్లు కలిపి కట్టడానికి ఆ కొలతే పనికొస్తుంది. ఒంటరిగా మీ 200 గజాల్లో రాని విలువ అక్కడ వస్తుంది. కాబట్టి జోన్ నిజంగా మారితే బేరం చేసే బలం మీ నలుగురికీ పెరుగుతుంది. ఇప్పుడే సంతకం పెడితే ఆ పెరిగేది బిల్డర్‌కి పోతుంది. తుది నోటిఫికేషన్ దాకా ఆగమని పక్కవాళ్లకీ చెప్పండి, నలుగురూ ఒకే లాయర్ దగ్గరికి వెళ్లండి.

అప్పుడైనా నేను గట్టిగా పట్టుబట్టేవి కొన్ని ఉన్నాయి. అనుమతి కాగితం చేతికి వచ్చేదాకా ఇల్లు కూల్చనివ్వద్దు. ఒరిజినల్ దస్తావేజులు ఇవ్వద్దు, చూపిస్తే చాలు. మీ వాటా ఏ అంతస్తు, ఏ వైపు, ఎన్ని అడుగులు, ఎన్ని పార్కింగులు అన్నది అనుమతి వచ్చాక సప్లిమెంటరీ అగ్రిమెంట్‌లో రాసుకోవాలి. మీ వాటాని అమ్మే అధికారం జీపీఏలో (మీ తరఫున పనులు చేయడానికి రాసిచ్చే పత్రంలో) బిల్డర్‌కి ఉండకూడదు. తాళాలు ఇచ్చేదాకా మీ ఇంటి కిరాయి అతనే కట్టాలి, గడువు దాటితే నెలకింత అని రాయాలి. స్థలం 500 చదరపు మీటర్లు దాటుతుంది, అమ్మకానికి కడుతున్నారు కాబట్టి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

పన్ను విషయంలో ఒక మెలిక ఉంది. బిల్డర్‌తో రాసుకునే డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ రిజిస్టర్ అయి ఉంటే, మీలాంటి వ్యక్తులకి క్యాపిటల్ గెయిన్స్ పన్ను (ఆస్తి మీద వచ్చిన లాభానికి పన్ను) సంతకం పెట్టిన ఏడాదిలో కాకుండా, కట్టడం పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన ఏడాదిలో పడుతుంది. దానికి ముందే మీ వాటా అమ్మితే ఈ వెసులుబాటు పోతుంది. మీ వాటాకి ఫ్లాట్ వస్తే, ఇల్లు ఇచ్చి ఇల్లు తీసుకున్నట్టు చూపించి మినహాయింపు అడగొచ్చు. మడిగె వస్తే దానికి ఆ మినహాయింపు లేదు. "ఒక ఫ్లాట్, ఒక మడిగె" అని బిల్డర్ అంటే వినడానికి బాగుంటుంది కానీ, మడిగె విలువకి పన్ను కట్టే డబ్బు ఎక్కడి నుంచి వస్తుందో ముందే చూసుకోవాలి. ఒప్పందం మీద సంతకానికి ముందు సీఏకి ఫీజు ఇచ్చి లెక్క వేయించండి, తర్వాత కాదు.

ఈలోపు చేయాల్సింది తక్కువే. హెచ్‌ఎండీఏ నుంచి మీ సర్వే నంబరుకి భూ వినియోగ సర్టిఫికెట్ తీసుకోండి. మున్సిపల్ టౌన్ ప్లానింగ్ సెక్షన్‌లో మీ రోడ్డుకి మాస్టర్ ప్లాన్‌లో ఎంత వెడల్పు చూపించారో, మీ ప్లాట్‌లో ఎంత పోతుందో రాతపూర్వకంగా అడగండి. ఇంటి లింకు డాక్యుమెంట్లు (పాత యజమానుల దస్తావేజులు), పాత అనుమతి ప్లాన్, పన్ను రసీదులు ఒక ఫైల్‌లో పెట్టండి. రేపు ఏ బేరానికైనా ఇవే కావాలి.

ఎఫ్‌డీలు గడువు తీరినప్పుడు వాటిలో 10 లక్షలు సీనియర్ సిటిజన్స్ స్కీమ్‌కి మార్చుకోండి. అందులో 30 లక్షల దాకా పెట్టొచ్చు, మీకు ఇంకా చోటుంది. 8.2 శాతం లెక్కన మూడు నెలలకి 20,500 అదనంగా వస్తుంది. మిగిలిన 5 లక్షలు వైద్యానికి బ్యాంకులోనే ఉంచండి. మ్యూచువల్ ఫండ్లను కదపకండి.

పై పోర్షన్ వాళ్లని ఖాళీ చేయమని చెప్పకండి. అగ్రిమెంట్ గడువు దగ్గరపడితే ఇంకో 11 నెలలకి రాయించుకోండి. రెండు నెలల నోటీసుతో ఎవరైనా ముగించుకోవచ్చన్న వాక్యం అందులో ఉండేలా చూసుకోండి. ఉగాదికి కిరాయి ఒక వెయ్యి పెంచమని అడిగినా వాళ్లు కాదనరనుకుంటాను.