స్వీడన్‌లో కనీస వేతనం

ప్రశ్న: మా అబ్బాయి స్టాక్‌హోమ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. అక్కడ కనీస వేతన చట్టమే లేదంటాడు. మరి కార్మికులకు రక్షణ ఏమిటండీ?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: అతను చెప్పింది నిజమేనమ్మా. అక్కడ జీతాలను కార్మిక సంఘాలు, యజమానుల సంఘాలు కూర్చుని తేల్చుకుంటాయి. 1938లో సాల్ట్‌షోబాడెన్ ఊళ్లో కుదిరిన ఒప్పందం దీనికి పునాది. తరువాత దశాబ్దాలపాటు ఇరుపక్షాల ప్రతినిధులూ ప్రభుత్వ సంస్థల పాలకమండళ్లలో కూర్చున్నారు. 1991లో యజమానుల సమాఖ్య తనవాళ్లను వెనక్కి పిలిచింది. క్రమంగా మంత్రులను, ఎంపీలను విడివిడిగా కలిసి ఒప్పించడం, ప్రచారం చేయడం పెరిగాయి. కార్మిక సంఘంలో పనిచేసినవాడిగా నాకిది నష్టమే అనిపిస్తుంది. బల్ల దగ్గర ఇద్దరికీ కుర్చీ ఉండేది. లాబీయింగులో డబ్బున్నవారి గొంతే ముందు వినిపిస్తుంది. వేతన ఒప్పందాలు మాత్రం ఇప్పటికీ సంఘాల చేతుల్లోనే ఉన్నాయి. మీ అబ్బాయి సంఘంలో చేరాడో లేదో అడగండి. నిరుద్యోగ భృతి నిధిలో విడిగా చేరాలని కూడా చెప్పండి.