బావ లెక్క, బావమరిది లెక్క

ప్రశ్న: శాసనసభ ఎన్నికలు వచ్చాయంటే నాకూ మా బావకూ ఒకటే వాదన. రాష్ట్రాన్ని అప్పులపాలు చేసింది మీ పార్టీ అంటే మీ పార్టీ అని ఇద్దరమూ పేపరు కత్తిరింపులు చూపించుకుంటాము. అంకెల మధ్య లక్షల కోట్ల తేడా ఉంటోంది. ఏది నమ్మాలి?
– ఒక పాఠకుడు, ప్రొద్దుటూరు, కడప జిల్లా

జవాబు: మీ ఇద్దరి అంకెలూ ఏదో ఒక పత్రంలో ఉన్నవే అయి ఉండవచ్చు. ఒకరు బడ్జెట్‌లో చూపిన ప్రభుత్వ రుణాన్ని మాత్రమే చెబుతారు. మరొకరు దానికి ప్రభుత్వ పూచీకత్తుతో కార్పొరేషన్లు తెచ్చిన అప్పులను, విద్యుత్ సంస్థల బాకీలను, గుత్తేదార్లకూ ఉద్యోగులకూ చెల్లించవలసిన బకాయిలను కూడా కలుపుతారు. 2024 జూలైలో శాసనసభలో పెట్టిన శ్వేతపత్రం రాష్ట్రం మీద 9.74 లక్షల కోట్ల రూపాయల భారం ఉందన్నది ఈ రెండో పద్ధతిలోనే.

వీటిలో బకాయిల సంగతే ఎక్కువగా మభ్యపెడుతుంది. ప్రభుత్వ పద్దులు నగదు ప్రాతిపదికన రాస్తారు కనుక, ఒక గుత్తేదారు చెరువు కట్ట పని పూర్తిచేసి బిల్లు పెట్టినా, మార్చి 31లోగా డబ్బు చేతికి రాకపోతే ఆ సంవత్సరం ఖర్చులో అది కనిపించదు. అతను ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీ కట్టుకుంటూ ఉంటాడు, ప్రభుత్వ లోటు మాత్రం ఆ మేరకు తక్కువగా కనిపిస్తుంది. ఈ పని ఒక్క పార్టీయే చేసిందని నేను అనను.

ఏ సంవత్సరాన్ని ఎవరి ఖాతాలో వేయాలన్నది మరో చిక్కు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది. 2019లో మే 30న, 2024లో జూన్ 12న కొత్త ముఖ్యమంత్రులు ప్రమాణం చేశారు కనుక ఆ రెండేళ్లూ రెండేసి ప్రభుత్వాలవి. 2020–21లో కోవిడ్ కారణంగా కేంద్రం రుణ పరిమితిని రాష్ట్ర స్థూల ఉత్పత్తిలో 3 శాతం నుంచి, కొన్ని షరతులతో, 5 శాతం దాకా పెంచింది. ఆ ఏటి అప్పును మామూలు ఏడాదితో పోల్చడం న్యాయం కాదు.

అప్పు మొత్తంకన్నా ముందు రెవెన్యూ లోటు చూడండి. జీతాలు, పింఛన్లు, వడ్డీలు, సబ్సిడీల వంటి రోజువారీ ఖర్చుకు రాబడి ఎంత చాలలేదో అది చెబుతుంది. బోరు కోసం చేసిన అప్పూ, పెళ్లి భోజనాల కోసం చేసిన అప్పూ షావుకారు చిట్టాలో ఒకే వరుసలో ఉంటాయి. రెవెన్యూ లోటు వాటిని విడదీస్తుంది. (అనంతపురం వైపు బోరు వేసినా నీళ్లు పడతాయన్న నమ్మకం లేదు, ఆ మాట నిజమే.)

బడ్జెట్ రోజు పేపర్లో వచ్చేవి అంచనాలు. అసలు ఖర్చు రెండేళ్ల తరువాతి బడ్జెట్ పత్రంలో ‘లెక్కలు’ అన్న గడిలో వస్తుంది. ప్రభుత్వ పద్దులను తనిఖీ చేసే కాగ్ ఇచ్చే నివేదిక కూడా ఆ అసలు ఖర్చునే పరిశీలిస్తుంది. దానిని చర్చించే శాసనసభ ప్రజాపద్దుల సంఘానికి 2024 దాకా ఆనవాయితీగా ప్రతిపక్ష సభ్యుడే అధ్యక్షుడుగా ఉండేవారు. ఆ కుర్చీలో కూర్చున్న అప్పటి డోన్ శాసనసభ్యుడు బుగ్గన రాజేంద్రనాథ్ 2019లో ఆర్థికమంత్రి అయ్యారు. ఆయన తరువాత అందులో కూర్చున్న ఉరవకొండ శాసనసభ్యుడు పయ్యావుల కేశవ్ 2024లో ఆర్థికమంత్రి అయ్యారు. ఈసారి మీ బావ కత్తిరింపు తీసినప్పుడు, అందులోని అంకె అంచనాల గడిలోదా, లెక్కల గడిలోదా అని ముందు అడగండి. మీ కత్తిరింపును కూడా అదే ప్రశ్న అడగండి.